ముందున్నోళ్ల దీవి

"మీరెక్కణ్నించి వచ్చారు?" నాతవరంలోనైనా, నర్సీపట్నం బస్సులోనైనా పేరు చెప్పగానే మాకెదురయ్యే ప్రశ్న ఇది. మా తాతముత్తాతల సమాధులు ఈ మట్టిలోనే ఉన్నాయంటే అడిగినవాళ్లకి చాలదు. ముందున్నోళ్లదే నేల అన్నది వాళ్ల లెక్క.

ఆ లెక్కే నిజమైతే శ్రీహరికోట ఎవరిది కావాలి?

మా తాండవ నది పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ తీరం వెంటే దక్షిణానికి పోతే పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఉంటుంది ఆ దీవి. యానాదులు అక్కడి ఆదివాసులు. అడవిలో తేనె, చిరివేరు ఏరుకున్నారు. సరస్సులో చేపలు పట్టుకున్నారు. బందరు అద్దకం బట్టల ఎరుపు ఈ చిరివేరు జాతి మొక్క పెట్టిన భిక్షే. 1835లో దీవి కంపెనీ సర్కారు చేతికొచ్చింది. అప్పటిదాకా తమదైన అడవిలోనే యానాదులు సర్కారు కోసం ఏరే కూలీలయ్యారు. తర్వాత నేరస్త జాతుల చట్టం యానాదుల మీద కూడా పడింది. చట్టం పోయింది, అనుమానం పోలేదు. పుట్టుకతోనే అనుమానితులవటం ఎలా ఉంటుందో మమ్మల్నడగండి, చెబుతాం.

1969లో రాకెట్ కేంద్రానికి ఈ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. ఈలోగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు యానాదులు దీవిలోనే కాలనీల్లో మిగిలారు. చాలామంది సూళ్లూరుపేట వైపు వచ్చిపడ్డారు. అడవి ఇచ్చే తిండికి నష్టపరిహారం ఎవరు కడతారు? పట్టా లేనివాడికి పోయింది ఏ కాగితంలో కనిపిస్తుంది?

ఇక్కడ మేం మమ్మల్ని కూడా నిలదీసుకోవాలి. 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. రామేశ్వరం పడవల ఇంటి బిడ్డ. మా దేశభక్తికి సాక్ష్యమడిగిన ప్రతిసారీ ఆయన పేరే చెప్పుకున్నాం. ఆ రాకెట్ లేచింది ఎవరి నేల మీదనుంచో ఒక్కసారీ అడగలేదు.

ముందునుంచీ ఉన్నవాళ్లకి దీవి దక్కలేదు. తర్వాతొచ్చారంటున్న మాకు గౌరవం దక్కలేదు. మరి ఎవరు ముందన్న ప్రశ్న ఎందుకడుగుతున్నట్టు? జవాబు కోసం కాదు. అడిగే అధికారం ఎవరిదో గుర్తుచెయ్యటానికి. ఇకనుంచి మమ్మల్ని ఎక్కణ్నించి వచ్చారని అడిగితే, శ్రీహరికోట యానాదులు ఎక్కడికి పోయారని మేం అడుగుతాం.