‘వాళ్ళు’ అనని ప్రవక్త

తెలుగులో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. మాది తంగళ్ళపల్లి, మానేరుకి అటు సిరిసిల్ల, ఇటు మేము. మా దగ్గర చిన్నపిల్లలకి కూడా ఈ తేడా తెలుసు. “మనం పోదాం” అంటే నువ్వూ రా అని. “మేం పోతం” అంటే నిన్ను తీస్కపోం అని. ఇంగ్లీషులో ఈ తేడా లేదు. హీబ్రూలో కూడా లేదు. అందుకే యిర్మీయా ప్రవక్త తన జనం కోసం దేవుడి ముందు ఏడ్చిన మాటలు తెలుగులోకి తెచ్చినవాళ్ళకి ఒక చిక్కు వచ్చి ఉంటుంది. ఇక్కడ ఏ మాట వాడాలి? ఆ లెక్కలో ఎవరెవరు ఉన్నట్టు?

తెలుగులో కొత్త నిబంధన 1818లో సేరంపూర్ ప్రెస్సు నుంచి వచ్చింది. పాత నిబంధనతో కలిపి మొత్తం బైబిల్ రావడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. ఇవాళ మన చర్చిల్లో చదివే బైబిల్లో విలాపవాక్యములు మూడో అధ్యాయం తీసి చూడండి. మన నడతని వెతికి చూసుకుందాం, వెనక్కి తిరుగుదాం అని జనం ఒకరితో ఒకరు అనుకునే చోట ‘మనం’ ఉంటుంది. ఆ వెంటనే దేవుడి వైపు తిరిగి తప్పు ఒప్పుకునే చోట అది ‘మేము’ అయిపోతుంది. ముందు ఒకరినొకరు పిలుచుకోవడం, తర్వాత కలిసి తల వంచడం. మూలంలో ఒకే మాటలో ఉన్న రెండు పనుల్ని తెలుగు విడదీసి చూపించింది. ఆ పుస్తకం యిర్మీయాదేనని సంప్రదాయం అంటుంది, పరిశోధకులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. కానీ ఆయన పేరుతో ఉన్న గ్రంథంలోనూ ఇదే ‘మేము’ ఉంది.

ఎవరీ యిర్మీయా? యెరూషలేము పక్కన అనాతోతు అనే చిన్న ఊరి యాజకుల ఇంటి పిల్లవాడు. క్రీ.పూ. 627 ప్రాంతంలో, యోషీయా రాజు కాలంలో మాట్లాడటం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళు ఒకటే చెప్పాడు: ఇలాగే నడిస్తే ఈ పట్నం మిగలదు. ఆయన మాటల్ని బారూకు చుట్టలో రాస్తే, యెహోయాకీము రాజు చలిమంట ముందు కూర్చుని, చదివినంత మేరా చాకుతో కోయించి మంటలో వేశాడు. సొంతూరి వాళ్ళే చంపుతామన్నారు. చివరికి అధికారులు ఆయన్ని బురద గోతిలోకి దించారు. కూషు దేశస్థుడు ఎబెద్మెలెకు పైకి లాగుతూ, తాళ్ళు కోసుకోకుండా చంకల కింద పెట్టుకొమ్మని పాత బట్టల పేలికలు అందించాడు. బట్టతో బతికే ఊరి మనిషిని కాబట్టేమో, ఆ పేలికలు నాకు బాగా గుర్తుండిపోయాయి.

ఇంత చేసిన జనాన్ని ‘వాళ్ళు’ అనడానికి ఆయనకి పూర్తి హక్కుంది. పైగా ఈ జనం కోసం ప్రార్థన చెయ్యొద్దని దేవుడే మూడు సార్లు ఆపినట్టు ఆ గ్రంథంలో ఉంది. మూడోసారి పద్నాలుగో అధ్యాయంలో. అప్పుడు కరువు. పనివాళ్ళు ఖాళీ కుండలతో తిరిగొస్తున్నారు, నేల నెర్రెలిచ్చింది, రైతులు సిగ్గుతో తలలు కప్పుకున్నారు. వద్దన్న తర్వాత కూడా, అదే అధ్యాయం చివర ఆయన మళ్ళీ మొదలుపెడతాడు. మా తప్పు, మా పెద్దల తప్పు, మేము ఒప్పుకుంటున్నాం అంటాడు. మోషే, సమూయేలు వచ్చి అడిగినా వినను అని జవాబు. అయినా ‘మేము’ మాత్రం ‘వాళ్ళు’గా మారలేదు.

ఇక్కడో అనుమానం రావాలి. అందరం తప్పు చేశాం అంటే ఎవరూ చెయ్యనట్టే కదా? ఆ ప్రమాదం ఉంది. కానీ యిర్మీయా ఆ తప్పుకునే దారిలో పోలేదు. ఇరవై రెండో అధ్యాయంలో, పొరుగువాడితో ఊరికే పని చేయించుకుని, కూలి ఎగ్గొట్టి, దేవదారు పలకల మేడ కట్టుకున్న రాజుని మొహమ్మీదే నిలదీస్తాడు. ముట్టడి భయంతో దాసుల్ని వదిలేసి, సేన కాస్త వెనక్కి తగ్గగానే మళ్ళీ పట్టుకొచ్చుకున్న యజమానుల్నీ వదల్లేదు. రాజు ముందు నిలబడితే “నువ్వు”. దేవుడి ముందు నిలబడితే “మేము”. ఈ రెండు మాటలూ ఒకే నోట్లో ఉండటమే నాకు ఆయనలో కనిపించే అసలు సంగతి.

మనం తరచూ దీన్ని తిరగేస్తాం. పెద్దల ముందు “అందరం కారణమే సార్” అంటాం, పేదల దగ్గరికొచ్చి “మీరే” అంటాం. 2000ల్లో సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు తీసుకున్న రోజుల్లో మా వైపు చాయ్ హోటళ్ళలో వినబడ్డది ఇదే. “తాగుతరు, అప్పులు జేస్తరు, ఏం జేస్తం?” పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడితే వచ్చే కూలి ఎంత, నూలు ధర ఎవరి చేతిలో ఉంది, అప్పు ఎవరిచ్చారు, ఎంత వడ్డీకి, ఇవేవీ ఆ మాటలో ఉండవు. ఆ బట్ట కట్టుకున్నవాళ్ళం మనమేనన్నదీ ఉండదు. ఇప్పుడు మా మండలంలోనే బద్దెనపల్లి దగ్గర టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు చూశాం. ఆర్డరుంటే సాంచాలు ఆడతాయి, లేకపోతే ఆగుతాయి. ఆగినప్పుడల్లా ఆ ‘వాళ్ళు’ మళ్ళీ బయటికొస్తుంది.

క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కాలిపోయింది. దానికి ముందు రోజుల సాక్ష్యం 1935లో లాకీషు తవ్వకాల్లో దొరికింది. కుండపెంకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలవి. ఒకదాంట్లో, లాకీషు మంటల సంకేతాల కోసం చూస్తున్నాం, అజేకా మాత్రం కనబడటం లేదు అని ఎవరో కింది అధికారి రాశాడు. చివరిదాకా నిలబడ్డ కోటలు ఈ రెండేనని యిర్మీయా గ్రంథం కూడా చెబుతుంది.

పట్నం పడ్డాక బబులోను సేనాధిపతి నెబూజరదాను ఆయన సంకెళ్ళు తీయించి, నాతో వస్తే బాగా చూసుకుంటా, లేదంటే నీ ఇష్టం అన్నాడు. చెప్పిందంతా నిజమైంది కాబట్టి ఇక దర్జాగా బతకొచ్చు. యిర్మీయా పోలేదు. సేన వదిలేసిన నిరుపేదలతో అక్కడే ఉండిపోయాడు. కొన్నాళ్ళకి ఆ జనం ఐగుప్తుకి పారిపోదామన్నారు. వద్దన్నాడు, వినలేదు. పోతూ పోతూ ఆయన్నీ తీసుకుపోయారు. తహపనేసులో వాళ్ళతో ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో గ్రంథం చెప్పదు. గ్రంథంలో ఆయన్ని మనం చివరిసారి చూసేది మాత్రం తన మాట వినని జనం మధ్యలోనే.