మూడుసార్లు గెలిపించారు

1966 జనవరి 10, సోమవారం. అమెరికాలోని అట్లాంటా నగరంలో బంగారు గుమ్మటం కింద జార్జియా రాష్ట్ర శాసనసభ కొలువుదీరింది. ప్రమాణ స్వీకారానికి సభ్యులంతా లేచి కుడిచెయ్యి ఎత్తారు. ఒక్కరు మాత్రం కూర్చునే ఉన్నారు. ఆయనచేత ప్రమాణం చేయించడానికి సభ కార్యదర్శి ఒప్పుకోలేదు. ఆ క్షణాన తీసిన ఫొటో ఈనాటికీ ఉంది. చుట్టూ నిలబడ్డ మనుషులు, వాళ్ల నడుమ కుర్చీలో సన్నగా, మౌనంగా ఒక నల్లజాతి యువకుడు.

పేరు జూలియన్ బాండ్. ఇంకో నాలుగు రోజులైతే 26 నిండుతాయి. 136వ నియోజకవర్గం ఎమ్మెల్యేగా జనం ఆయన్ను ఎన్నుకుని ఏడు నెలలు కావస్తోంది.

ఆ నియోజకవర్గం కూడా అప్పుడే పుట్టింది. అంతకుముందు జార్జియాలో శాసనసభ సీట్లను కౌంటీల వారీగా పంచేవారు. మన జిల్లాల్లాంటి ఆ కౌంటీలు 159. పెద్దవి ఎనిమిదింటికి మూడేసి సీట్లు, తర్వాతి ముప్పైకి రెండేసి, మిగిలిన 121కి ఒక్కొక్కటి. 1960 జనాభా లెక్కల ప్రకారం అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీలో 5,56,326 మంది. వాళ్లకు ముగ్గురే సభ్యులు. ఎకోల్స్ అనే కౌంటీలో 1,876 మంది ఉంటే వాళ్లకూ ఒక సభ్యుడు. పల్లె కౌంటీలోని ఒక మనిషి మాట బస్తీలోని దాదాపు వంద మంది మాటతో సమానమన్నమాట. అట్లాంటా నల్లజాతి వాడలు ఓటేసినా వేయకపోయినా ఒకటే అయిన రోజులవి. శాసనసభ సీట్లు జనాభాను బట్టే ఉండాలని 1964లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పాకే గీతలు మారాయి. అలా కొత్తగా గీసిన గీతల మధ్య పుట్టింది 136. అందులో ఓటర్లు 6,500 మంది. వారిలో సుమారు 6,000 మంది నల్లజాతివారు.

1965 జూన్ 15న ఎన్నిక జరిగింది. బాండ్‌కు 2,320 ఓట్లు, ప్రత్యర్థికి 487. ఆ ప్రత్యర్థీ నల్లజాతీయుడే. బాండ్ ఇల్లిల్లూ తిరిగి, మీకేం కావాలని అడిగి మరీ ఓట్లు సంపాదించారు. గంటకు రెండు డాలర్ల కనీస వేతనం ఆయన ఇచ్చిన హామీల్లో ఒకటి.

ఈ ఓటు వెనక ఎంత కాలం ఉందో తెలియాలంటే 1868కి వెళ్లాలి. బానిసత్వం పోయిన కొత్తలో ఇదే శాసనసభకు నల్లజాతి సభ్యులు ఎన్నికైతే, వాళ్లకు ఓటు హక్కే తప్ప పదవి చేపట్టే హక్కు లేదని ఆ సెప్టెంబరులో వెళ్లగొట్టారు. రెండేళ్ల తర్వాత మళ్లీ రానిచ్చారు. తర్వాత తర్వాత ఒక్కొక్కరుగా తగ్గిపోయి, 1907లో ఆఖరి సభ్యుడూ తప్పుకున్నాక ఆ దిగువ సభలో నల్లజాతి మనిషి లేడు. యాభై ఎనిమిదేళ్లు!

మరి బాండ్ చేసిన నేరమేమిటి? ఆయన ‘స్నిక్’ అని అందరూ పిలిచే విద్యార్థి ఉద్యమ సంఘానికి ప్రచార బాధ్యుడు. జనవరి 3న అలబామాలోని టస్కీగీలో శామీ యంగ్ అనే 21 ఏళ్ల విద్యార్థిని కాల్చి చంపారు. నౌకాదళంలో పనిచేసి వచ్చిన కుర్రాడు. పెట్రోలు బంకులో తెల్లవారికి మాత్రమేనన్న మరుగుదొడ్డి దగ్గర మొదలైన గొడవ ప్రాణం తీసింది. మూడు రోజులకు స్నిక్ ఆ హత్యను గుర్తుచేస్తూ, వియత్నాం యుద్ధాన్ని ఖండిస్తూ ప్రకటన చేసింది. నిర్బంధ సైనిక సేవకు పిలిస్తే చేరబోమనే యువకుల పట్ల తమకు సానుభూతి ఉందని చెప్పింది. ఆ ప్రకటన రాసింది బాండ్ కాదు. ఒప్పుకుంటారా అని ఒక రేడియో విలేకరి ఫోన్ చేసి అడిగితే, ఒప్పుకుంటానన్నారు. అంతే. 75 మంది సభ్యులు ఆయన్ను చేర్చుకోవద్దని అర్జీలు పెట్టారు.

సోమవారం విచారణలో ఆ రేడియో సంభాషణను వినిపించారు. బాండ్ మాట మార్చలేదు. ఆ సైనిక సేవకు ఇచ్చే నమోదు కార్డు తగలబెట్టమని ఎవరికీ చెప్పలేదని, తన కార్డు తన జేబులోనే ఉందని, కావాలంటే చూపిస్తానని అన్నారు. రాజ్యాంగానికి విధేయత ప్రకటించడానికి సిద్ధమేనన్నారు. ఆయన మనస్ఫూర్తిగా ఆ ప్రమాణం చేయలేరని సభ తేల్చింది. 184 మంది వద్దన్నారు, 12 మంది కావాలన్నారు.

ఈ కథలో నన్ను పట్టి నిలిపేది ఆ 184 కాదు, అంతకుముందున్న 2,320. ఆ ఓట్లు వేసినవాళ్లకు ఇప్పుడు సభలో దిక్కెవరు? బాండ్ దావా వేసినప్పుడు వాదుల్లో మరో పేరు చేరింది. మార్టిన్ లూథర్ కింగ్. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆ మనిషి, తన ఎమ్మెల్యేను తనకు దక్కనివ్వలేదని నియోజకవర్గ పౌరుడిగా కోర్టుకెక్కారు. జనవరి 14న ఆయనే జనాన్ని వెంటబెట్టుకుని అదే బంగారు గుమ్మటం దాకా ఊరేగింపుగా నడిచారు.

ముగ్గురు న్యాయమూర్తుల ఫెడరల్ కోర్టు ఇద్దరి మాటగా సభ చేసింది సరైనదేనంది. ఎల్బర్ట్ టటిల్ ఒక్కరే విభేదించారు. సీటు ఖాళీ అయిందని గవర్నరు ఫిబ్రవరి 23న ఉప ఎన్నిక పెట్టించారు. జనం మళ్లీ బాండ్‌నే గెలిపించారు. మే 23న సభ నియమాల కమిటీ పిలిచి, అన్నమాట వెనక్కి తీసుకొమ్మంది. తీసుకోలేదు. మళ్లీ వద్దన్నారు. నవంబరు 8న సాధారణ ఎన్నికలు వచ్చాయి. 136 ముచ్చటగా మూడోసారీ ఆయన్నే ఎంచుకుంది. ఏడాదిన్నరలో మూడుసార్లు ఒకే మనిషి కోసం వరుసలో నిలబడ్డ ఆ ఓటర్ల ఓర్పుకు నేను చేతులెత్తి దండం పెడతాను.

రెండు రోజులకే సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి. డిసెంబరు 5న తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా బాండ్ పక్షాన నిలిచారు. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్. మామూలు పౌరుడికి విమర్శించే హక్కున్నా శాసనసభ్యుడికి వేరే కొలబద్ద ఉండాలన్న జార్జియా వాదన నిలవలేదు. వివాదాస్పద విషయాల్లో తన వైఖరేమిటో చెప్పడం ప్రజాప్రతినిధి బాధ్యతేనని, అలా చెబితేనే ఓటర్లకు అతడెవరో తెలుస్తుందని, వాళ్లు ఎన్నుకున్న మనిషే వాళ్ల తరఫున చర్చలో ఉండాలని ఆ తీర్పు సారాంశం.

అప్పటికి 1966 సమావేశాలు ఎప్పుడో ముగిశాయి. ఆ చట్టాలన్నిటి మీదా 136వ నియోజకవర్గం ఓటు లేదు. దాన్ని ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేకపోయింది.

1967 జనవరి 9న, ఒక్కరోజు తక్కువ ఏడాదికి, జూలియన్ బాండ్ అదే సభలో లేచి నిలబడ్డారు. కుడిచెయ్యి ఎత్తి, అమెరికా రాజ్యాంగానికీ జార్జియా రాజ్యాంగానికీ కట్టుబడి ఉంటానని ప్రమాణం చేశారు. నిరుడు ఆయన నోట పలకనివ్వని మాటలే అవి.