వైజ్ఞానిక కల్పన, నిషిద్ధ ప్రేమ: ఒక మిత్రునితో చర్చ

నాకూ నా మిత్రుడికీ ముప్పై ఏళ్ల స్నేహం. ఇద్దరం ఉపాధ్యాయులం. ఇద్దరికీ పుస్తకాల పిచ్చి. కాని అభిరుచుల దగ్గర మా దారులు వేరు. నాది వాస్తవిక నవల. రైతు, కూలి, భూమి, సమ్మె వస్తువుగా లేని రచన చాలాకాలం నా దృష్టిలో రెండో తరగతి రచనే. అతనిది గ్రహాంతరాల సాహిత్యం. నేను దాన్ని పిల్లల సరదా అనేవాణ్ణి. అతను నవ్వి వూరుకునేవాడు.

ఒకనాటి సాయంకాలం ఉర్సులా లెగ్విన్ 1969లో ప్రకటించిన ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ నవల తెచ్చి నా బల్లమీద పెట్టి, “చదివి చెప్పు” అన్నాడు. చదివాను. “రచన గొప్పదే. కాని ఇది పలాయనం కాదా? భూమి మీద ఇన్ని సమస్యలుండగా గెథెన్ గ్రహానికి పోవడమెందుకు?” అన్నాను.

“భూమి మీద నిలబడడానికి చోటు లేనివాళ్లు ఇంకెక్కడికి పోతారోయ్?” అన్నాడు అతను.

ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం. స్త్రీపురుష ప్రేమ ఒక్కటే సహజమనీ, పుట్టినప్పుడు నిర్ణయించిన లింగమే మార్పులేనిదనీ చెప్పే కట్టుబాటులో ఇమడని వాళ్లందరినీ కలిపి నేడు ‘క్వీర్’ అంటున్నారు. ఒకప్పుడు ఇంగ్లీషులో అది తిట్టు. తిట్టు తిన్నవాళ్లే దాన్ని తమ జెండాగా మార్చుకున్నారు. వారికీ, ఊహాసాహిత్యానికీ వున్న సంబంధాన్ని చరిత్ర వెలుగులో పరిశీలించవలసి వున్నది. ఆ పరిశీలనలో మన వామపక్షీయుల చరిత్ర కూడా కొంత బయటపడుతుంది. అది మనకు అంత గౌరవప్రదంగా వుండదని ముందే చెబుతున్నాను.

1

అన్యలోకాల కల్పన మనకు కొత్త కాదు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో భంగాస్వనుడనే రాజు కథ వున్నది. ఇంద్రుడి ఆగ్రహం వల్ల అతను ఒక సరస్సులో మునిగి స్త్రీగా లేస్తాడు. తరవాత ఇంద్రుడు శాంతించి తిరిగి పురుషత్వం ఇస్తానంటే వద్దని, స్త్రీగానే వుంటానంటాడు. పురాణాలలో ఇటువంటి కథలు మరికొన్ని వున్నాయి. వీటిని చూపి “మన సంస్కృతి ఎంత విశాలమైనదో” అని మురిసిపోవడం ఇప్పుడొక అలవాటయింది. ఆ మురిపెంలో తొందరపాటు వున్నది. పురాణంలో మార్పు శాపం వల్లనో, వరం వల్లనో వస్తుంది. అది ఒక్క వ్యక్తికి జరిగిన వింత. సమాజపు కట్టడి అలాగే వుంటుంది. ఆధునిక వైజ్ఞానిక కల్పన చేసిన కొత్త పని ఇక్కడే వున్నది. దేవుడి ఇష్టాన్ని తీసివేసి, దాని స్థానంలో సమాజ నిర్మాణాన్ని పెట్టింది. “ఈ మనిషి ఎందుకిలా వున్నాడు?” అని అడగడం మాని, “ఈ సమాజం ఎందుకిలా వున్నది? మరోలా వుంటే ఏమవుతుంది?” అని అడిగింది.

ఈ ప్రశ్నను మన దేశంలో చాలా ముందుగా వేసిన రచయిత్రి బెంగాల్‌కు చెందిన బేగం రొకేయా. 1905లో ఆమె ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ మద్రాసు నుంచి వెలువడే ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయింది. అందులో పురుషులు జనానాలో వుంటారు, స్త్రీలు సూర్యశక్తితో దేశాన్ని నడుపుతారు. నిషిద్ధ ప్రేమ అందులో లేదు. అయినా ఆడ మగ అనే ఏర్పాటు ప్రకృతి శాసనం కాదనీ, తలకిందులు చేయదగినదనీ ఆ చిన్న కథ నిరూపించింది. తరవాతి వాళ్లు నడిచిన దారి అదే.

2

ఇక ఆ దారి ఎటువంటి రోజుల్లో పడిందో చూడాలి. 1947లో లాస్ ఏంజెలిస్ నగరంలో ఒక సినిమా స్టూడియో కార్యాలయంలో ఒక గుమాస్తా యువతి, పని లేని వేళల్లో టైపు మిషను మీద కార్బన్ కాగితాలు పెట్టి ఒక పత్రిక తయారు చేసింది. పేరు ‘వైస్ వెర్సా’. స్త్రీలను ప్రేమించే స్త్రీల కోసం అమెరికాలో వచ్చిన తొలి పత్రిక అదేనంటారు. తొమ్మిది సంచికలు వచ్చాయి. ఆమె అసలు పేరు ఈడిత్ ఐడ్. తరవాతి కాలంలో లీసా బెన్ అనే మారుపేరుతో ప్రసిద్ధురాలయింది. ఆమె ఆ నగరపు వైజ్ఞానిక కల్పనాభిమానుల సంఘంలో సభ్యురాలు కూడా. అభిమానులు తమలో తాము చేతి పత్రికలు వేసుకుని పంచుకోవడం అక్కడి ఆచారం. ప్రచురణకర్త లేకుండా, అనుమతి లేకుండా మాట్లాడే ఈ పద్ధతి నిషిద్ధుల పత్రికకూ పనికివచ్చింది.

జిమ్ కెప్నర్ కూడా ఆ వాతావరణంలోంచి వచ్చినవాడే. వైజ్ఞానిక కల్పనాభిమాని, కమ్యూనిస్టు, ‘డైలీ వర్కర్’కు రాసినవాడు. తరవాత 1953లో మొదలైన ‘వన్’ అనే స్వలింగ ప్రేమికుల పత్రికలో ముఖ్య రచయిత అయ్యాడు. ఆ పత్రిక 1954 అక్టోబరు సంచికను అశ్లీలమని పోస్టాఫీసు ఆపివేసింది. మూడేళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిరిగి, 1958 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టులో ఆ పత్రిక గెలిచింది.

అది మెకార్తీ యుగం. కమ్యూనిస్టుల వేట గురించి మనం చాలా రాసుకున్నాం. ఆ వేటకు జంటగా నడిచిన రెండో వేట గురించి రాసుకోలేదు. 1950 ఫిబ్రవరిలో విదేశాంగశాఖ అధికారి ఒకరు 91 మంది స్వలింగ ప్రేమికులను వుద్యోగాల నుంచి తొలగించినట్లు సెనేటు సంఘం ముందు చెప్పాడు. 1953 ఏప్రిల్ 27న ఐసెన్‌హోవర్ జారీచేసిన ఉత్తర్వు అలాంటివాళ్లకు ఫెడరల్ వుద్యోగాల తలుపులు మూసింది. ఎర్రవాడూ, స్వలింగ ప్రేమికుడూ ఆ ప్రభుత్వానికి ఒకే అనుమానపు రెండు ముఖాలు.

సరిగ్గా ఆ వేసవిలోనే, 1953 జూన్‌లో, థియొడోర్ స్టర్జన్ కథ ‘ది వరల్డ్ వెల్ లాస్ట్’ ఒక చవక పత్రికలో వెలువడింది. దిర్బాను గ్రహం నుంచి ఇద్దరు ప్రేమికులు భూమికి పారిపోయి వస్తారు. వారి అన్యోన్యత చూసి జనం ముచ్చటపడతారు. వాళ్లు నేరస్థులనీ, తిప్పి పంపమనీ వాళ్ల గ్రహం అడుగుతుంది. ఇద్దరే సిబ్బంది వున్న నౌకలో వాళ్లను తీసుకుపోతుంటారు. ఆ ప్రేమికులిద్దరూ పురుషులేననీ, వాళ్ల నేరం అదేననీ నౌకలో ఒకడికి తెలుస్తుంది. అతను మాటలు రాని మొద్దులా కనిపించే మనిషి. లోపల మాత్రం పుస్తకాల భాండాగారం. తన కెప్టెన్‌ను అతను మౌనంగా ప్రేమిస్తున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేడు. ఖైదీలను వదిలిపెట్టి, తన మౌనంలోకి తాను తిరిగిపోతాడు.

“ఈ కథను న్యూయార్కు వీధిలో పెట్టి రాస్తే ఆనాడు ఎవరు వేస్తారు?” అని నా మిత్రుడు అడిగాడు. గ్రహాంతరం అక్కడ పలాయనం కాదు. సెన్సారు కన్ను కప్పి వాస్తవాన్ని చేరవేసే వాహనం. నిర్బంధకాలంలో మన కవులు కూడా ప్రతీకల చాటున మాట్లాడలేదా? వాళ్లది వ్యూహమని మెచ్చుకుని, వీళ్లది పలాయనమని తిట్టడం ఏ న్యాయం?

3

1969లో లెగ్విన్ నవల వచ్చింది. ఆ సంవత్సరమే జూన్ 28న న్యూయార్కులో స్టోన్‌వాల్ మద్యశాల మీద పోలీసులు దాడి చేసినప్పుడు జనం తిరగబడ్డారు. ఆమె గెథెన్ గ్రహంలో మనుషులకు స్థిరమైన లింగం లేదు. నెలలో కొన్ని రోజులు మాత్రం ఒకరు స్త్రీగానో పురుషుడుగానో మారతారు. ఒకే వ్యక్తి కొందరు బిడ్డలకు తల్లి, మరికొందరికి తండ్రి కావచ్చును. “వంట ఎవరిది, పెత్తనం ఎవరిది” అనే ప్రశ్నే అక్కడ పుట్టదు.

అయితే ఆ నవలలో లోపాలున్నాయి. అందరినీ ‘అతడు’ అనే రాసింది. ఆ రోజుల్లో కూడా జతలు స్త్రీపురుషుల జతలుగానే కల్పించింది. విమర్శకులు ఎత్తిచూపారు. ఆమె 1976లో ఒక వ్యాసంలో మొదట తనను సమర్థించుకున్నది. తరవాత పదేళ్లకు అదే వ్యాసానికి వ్యాఖ్యలు చేర్చి తప్పు ఒప్పుకున్నది. తన పాత వాక్యాన్ని కొట్టివేయకుండా దాని పక్కనే కొత్త ఆలోచనను పెట్టింది. విమర్శ, ఆత్మవిమర్శ అని మనం తరచు అంటుంటాం. ఆచరణలో అది ఎలా వుంటుందో ఇక్కడ చూడవచ్చును.

జొయన్నా రస్ ఇంకా కటువుగా రాసింది. 1972 నాటి ఆమె కథలో వైల్‌అవే గ్రహంలో పురుషులు ఏనాడో మహమ్మారిలో పోయారు. స్త్రీలే పొలాలూ, యంత్రాలూ, కుటుంబాలూ నడుపుతుంటారు. భూమి నుంచి దిగిన మగవాళ్లు అంతమంది స్త్రీలను ఎదురుగా పెట్టుకుని, మనుషులెక్కడని అడుగుతారు.

రస్‌కు జేమ్స్ టిప్ట్రీ అనే ఒక రచయితతో ఏళ్ల తరబడి వుత్తరాల స్నేహం వుండేది. టిప్ట్రీని ముఖాముఖి చూసినవారు లేరు. ఆ రచనలో మగతనం వుట్టిపడుతున్నదని 1975లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ రాశాడు. మరుసటి ఏటికల్లా నిజం బయటపడింది. టిప్ట్రీ అరవై ఏళ్లు దాటిన ఆలిస్ షెల్డన్ అనే స్త్రీ. మార్మలేడ్ సీసా మీది పేరు చూసి ఆ మారుపేరు పెట్టుకున్నది. 1980లో ఆమె రస్‌కు రాసిన వుత్తరంలో తనకు కూడా స్త్రీల మీదనే ప్రేమ అని చెప్పుకున్నది. అంతకు చాలా ముందే రస్ తన సంగతి దాచకుండా చెప్పింది. అయినా రెండో స్నేహితురాలికి నోరు పెగలడానికి అంతకాలం పట్టింది.

4

ఇక మన సంగతి. 1922లో సోవియట్ రష్యా కొత్త శిక్షాస్మృతి స్వలింగ ప్రేమను నేరాల జాబితా నుంచి తీసివేసింది. అది విప్లవం సాధించిన గౌరవం. 1933 మే నెలలో నాజీలు బెర్లిన్‌లో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ పరిశోధనాలయాన్ని కొల్లగొట్టి పుస్తకాలు తగలబెట్టారు. ఆ మంటలు చూసినవాళ్లు ఏ వైపు నిలబడాలో స్పష్టమే. కాని 1933–34లో సోవియట్ ప్రభుత్వం దాన్ని తిరిగి నేరం చేసింది. ఆ చట్టం 1993 దాకా రష్యాలో వున్నది. మనం ‘అమ్మ’ నవల చేతికిచ్చి వుద్యమంలోకి తీసుకొచ్చిన యువకులెందరో. ఆ నవలాకారుడు గోర్కీయే 1934లో స్వలింగ ప్రేమను ఫాసిజంతో జతచేసి వ్యాసం రాశాడు.

ఆ సంవత్సరమే మాస్కోలో పనిచేస్తున్న హారీ వైట్ అనే బ్రిటిష్ కమ్యూనిస్టు పాత్రికేయుడు స్టాలిన్‌కు పొడుగాటి లేఖ రాశాడు. స్వలింగ ప్రేమికుడు పార్టీ సభ్యుడుగా వుండవచ్చునా అని మార్క్సిస్టు తర్కంతోనే అడిగాడు. స్టాలిన్ జవాబివ్వలేదు. లేఖ అంచున రచయితను మూర్ఖుడు, పతితుడు అని రాసి, దాన్ని భాండాగారంలో పడేయమన్నాడు.

అమెరికాలో 1950లో మాటాషీన్ సంఘాన్ని స్థాపించిన హారీ హే కమ్యూనిస్టే. జాతి అంటే ఏమిటో స్టాలిన్ ఇచ్చిన నిర్వచనాన్నే ఆధారం చేసుకుని, తన వాళ్లు ఒక అణగారిన అల్పసంఖ్యాక వర్గమని వాదించాడు. అయినా మరుసటి ఏడే పార్టీ నుంచి బయటికి రావలసి వచ్చింది. కెప్నర్‌ను పార్టీ బహిష్కరించింది. ప్రభుత్వం ఎర్రవాళ్లని తరిమిన మనుషులను, ఎర్రవాళ్లు వేరే పేరు పెట్టి తరిమారు.

ఈ లేఖ కథ చెప్పి నా మిత్రుడు ఆగాడు. “అంచున రాయడం మనకూ అలవాటేగా” అన్నాడు. నాకు గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక విద్యార్థిని నాకొక కథ ఇచ్చింది. ఏదో పేరులేని గ్రహం మీద ఇద్దరు అమ్మాయిలు కలిసి ఇల్లు కట్టుకునే కథ. నేను అంచున “పలాయనవాదం, అనారోగ్యకరం” అని రాసి తిప్పి ఇచ్చాను. ఆ మాట మిత్రుడి ముందు గొప్పగా చెప్పాను కూడా. ఆ అమ్మాయి మళ్లీ నాకేదీ చూపించలేదు. ఇప్పుడెక్కడున్నదో తెలియదు.

ఆ రాత్రి నా మిత్రుడు తన జీవితం గురించి కూడా కొన్ని మాటలు చెప్పాడు. అవి అతనివి, ఇక్కడ రాయను. “ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు?” అన్నాను. “ఆ కథ మీద నువ్వు రాసింది నువ్వే నాకు చెప్పావుగా” అన్నాడు. అతని మౌనానికి కారణం చట్టం ఒక్కటే కాదు, నేను కూడా.

5

మన సంప్రదాయంలో వేరే వారసత్వం కూడా వున్నది. ఇస్మత్ చుగ్తాయ్ ‘లిహాఫ్’ 1942లో వచ్చి, ఆమెను లాహోరు కోర్టుకెక్కించింది. ఆ గొడవ చల్లారకముందే, 1945 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభలో అశ్లీలతను ఖండించే తీర్మానం వచ్చింది. వ్యతిరేకించిన వారిలో ముఖ్యుడు మతనిష్ఠ గల మౌలానా హస్రత్ మోహానీ. తీర్మానం నెగ్గలేదు. ఆ సభ మన నేల మీదనే జరిగింది.

చట్టం కూడా కొంత కదిలింది. 1860 నాటి వలసపాలకుల 377వ సెక్షను కింద, పరస్పర సమ్మతి గల వయోజనుల ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించి, వారెంటు లేకుండా పట్టుకుపోయే వీలు కల్పించిన 1919 నాటి నిజాం పాలన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది. అదే ఏడు అక్టోబరులో స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. అంటే నేరం పోయింది, ఇల్లు ఇంకా రాలేదు. ఆ విద్యార్థిని కథలోని అమ్మాయిలు కట్టుకోబోయిన ఇల్లు కూడా అదే.

కాబట్టి మిత్రుని ప్రశ్నకు నా జవాబు ఇది. సోషలిజం కూడా ఒకనాడు ఊహాలోకమే. లేని లోకాన్ని వూహించే హక్కు శ్రామికుడికి ఇచ్చి, మరొకరికి కాదనడానికి మనకు అధికారం లేదు. అయితే ప్రతి గ్రహాంతర కథా గొప్పదని కాదు. దాన్ని కూడా మన గీటురాయి మీదనే పరీక్షిద్దాం. అది కట్టిన లోకంలో ఎవరు పనిచేస్తున్నారు, ఎవరు తింటున్నారు, ఎవరి ప్రేమకు చోటున్నది అని అడుగుదాం. ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. ఈసారి ఎవరైనా విద్యార్థి వింత లోకపు కథ తెచ్చి ఇస్తే, అంచున ఏదైనా రాసే ముందు చివరిదాకా చదవండి. నేను చదవలేదు.