పీసీలో పాట క్లియర్‌గా వినిపించడం లేదా? కొత్త స్పీకర్లు కొనే ముందు ఈ సెట్టింగ్స్ మార్చి చూడండి

ల్యాప్‌టాప్‌లో పాట పెడితే గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. సౌండ్ పెంచితే గరగర. దాంతో చాలామంది చేసే మొదటి పని కొత్త స్పీకర్లు కొనేయడం. నిజానికి తేడా చాలాసార్లు పాట ఫైల్‌లోనో, ప్లేయర్ సెట్టింగ్స్‌లోనో ఉంటుంది. వాటిని పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మల తయారీ చూస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఏపీ శకటం కూడా ఈ బొమ్మలదే. ఇక్కడ అంకుడు కర్రను ముందు ఆరబెడతారు. ఆ తర్వాతే లేత్ మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. కర్ర పచ్చిగా ఉంటే పైన ఎంత మెరుపు పెట్టినా బొమ్మ పగులుతుంది.

పాట కూడా అంతే. ఫైల్ అనేది కర్ర. ఈక్వలైజర్, బాస్ బూస్ట్ పైన వేసే రంగు.

1. ముందు ఫైల్ సంగతి చూడండి

సీడీలో పాట సెకనుకు 1,411 కిలోబిట్స్ చొప్పున ఉంటుంది. అదే పాటను 128 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే పదకొండో వంతుకు తగ్గిపోతుంది. 4 నిమిషాల పాట సీడీ నాణ్యతలో సుమారు 42 ఎంబీ. 128 ఎంపీ3లో 4 ఎంబీ కూడా ఉండదు. 320 ఎంపీ3 అయితే 10 ఎంబీకి దగ్గరగా ఉంటుంది.

సైజు తగ్గించడానికి మన చెవి పెద్దగా పట్టించుకోదనుకున్న శబ్దాలను ఎంపీ3 తీసేస్తుంది. 128లో తాళాల గలగల, తంబుర నాదం లాంటివి ముందు దెబ్బతింటాయి. 320లో తేడా పట్టుకోవడం చాలామందికి కష్టమే.

ఫ్లాక్ అనే ఫార్మాట్ అలా కాదు. ఇది 2001 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది. దేన్నీ పారేయకుండా సైజు తగ్గిస్తుంది. విప్పితే అసలు ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఇక్కడే ఒక మోసం ఉంది. పాత ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి 'హై క్వాలిటీ' పేరుతో పెట్టేవాళ్లు ఉన్నారు. అలా మారిస్తే సైజు పెరుగుతుంది తప్ప పోయిన శబ్దం తిరిగి రాదు. అనుమానం ఉంటే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి స్పెక్ట్రోగ్రామ్ చూడండి. కొత్త పాటలోనూ 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు కోసేసి ఉంటే అది చాలావరకు 128 ఎంపీ3 నుంచి వచ్చిందే.

2. ఏ ప్లేయర్ వాడాలి?

విండోస్‌లో ఫూబార్2000, అన్ని సిస్టమ్స్‌లో వీఎల్‌సీ.. రెండూ ఉచితమే, రెండూ ఫ్లాక్ ప్లే చేస్తాయి. ప్లేయర్ మారిస్తేనే సౌండ్ అద్భుతంగా మారిపోతుందన్న మాట నమ్మకండి. ఎఫెక్ట్స్ అన్నీ ఆపేస్తే, సెట్టింగ్స్ ఒకేలా ఉంటే మంచి ప్లేయర్లన్నీ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. పాటను ఎక్కడా చెడగొట్టకుండా స్పీకర్ దాకా చేర్చడమే ప్లేయర్ పని.

3. విండోస్‌లో మార్చాల్సినవి

సౌండ్ సెట్టింగ్స్‌లో మీ స్పీకర్ లేదా హెడ్‌ఫోన్ ప్రాపర్టీస్ తెరవండి.

- 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఆఫ్ చేయండి. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన సౌండ్ యాప్ ఉంటే అందులో సరౌండ్, బాస్ బూస్ట్ కూడా ఆపండి.
- 'డీఫాల్ట్ ఫార్మాట్' చూడండి. ఎక్కువగా పాటలే వింటే 44,100 హెర్ట్జ్, ఎక్కువగా వీడియోలు చూస్తే 48,000 హెర్ట్జ్ పెట్టుకోండి. 24 బిట్ ఉంటే అదే ఎంచుకోండి.
- పెద్ద అంకె కదా అని 192,000 పెట్టాల్సిన పనిలేదు. మనిషి చెవి వినేది గరిష్ఠంగా 20,000 హెర్ట్జ్ దాకానే. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది.

4. ఎక్స్‌క్లూజివ్ మోడ్ అంటే ఏంటి?

మామూలుగా విండోస్ పాటను, మెసేజ్ టింగుమనే శబ్దాన్ని, బ్రౌజర్ వీడియోను కలిపి ఒకే లెక్కలోకి మార్చి బయటికి పంపుతుంది. ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో ఈ కలపడం ఉండదు. పాట నేరుగా సౌండ్ కార్డుకు వెళ్తుంది.

ఫూబార్2000లో ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్, అవుట్‌పుట్‌లోకి వెళ్లి డివైస్ పేరు పక్కన 'ఎక్స్‌క్లూజివ్' అని ఉన్నదాన్ని ఎంచుకోండి. అప్పుడు మిగతా యాప్‌ల శబ్దం రాదు. అది రిపేరు కాదు, ఆ పద్ధతే అంత.

ఒక్క జాగ్రత్త. ఈ మోడ్‌లో విండోస్ వాల్యూమ్ పని చేయకపోవచ్చు. హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకునే ముందే ప్లేయర్‌లో సౌండ్ బాగా తగ్గించండి.

5. వాల్యూమ్ ఎక్కడ పెంచాలి?

స్పీకర్‌కు సొంత నాబ్ ఉంటే ప్లేయర్‌లో 100 దగ్గర పెట్టి, నాబ్‌తో పెంచుకోండి, తగ్గించుకోండి. వీఎల్‌సీలో 100 శాతం దాటిస్తే శబ్దం చిట్లుతుంది. ఈక్వలైజర్ వాడాలనుకుంటే పెంచడం కన్నా తగ్గించడం మేలు. బాస్ కావాలంటే మిగతావి కాస్త దించండి.

ఒక పాట గట్టిగా, ఇంకోటి మెల్లగా వస్తుంటే ఫూబార్‌లో 'రీప్లేగెయిన్' వాడండి. ఫైల్‌లోని అసలు శబ్దాన్ని మార్చకుండా పాటలన్నిటినీ దాదాపు ఒకే స్థాయికి తెస్తుంది.

6. బుయ్‌మని మోత వస్తుంటే..

ఏటికొప్పాకలోలా మోటారు లేత్‌లు నడిచే చోట, లేదా నీళ్ల మోటారు, మిక్సీ ఒకే లైన్ మీద ఉన్న ఇంట్లో ఈ ఇబ్బంది ఎక్కువ. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద పాట పెట్టండి. మోత ఆగిందంటే తేడా కరెంటు వైపు ఉన్నట్టే.

కంప్యూటర్, స్పీకర్లు రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డుకు పెట్టి చూడండి. ఆడియో వైరును కరెంటు వైర్లకు దూరంగా జరపండి. అప్పటికీ తగ్గకపోతే ఆడియో వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ దొరుకుతుంది. అంతేకానీ ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, తీసేయడం మాత్రం చేయొద్దు. షాక్ కొట్టి ప్రాణం మీదికి వస్తుంది.

7. స్పీకర్లు పెట్టే చోటు

రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, మీరు వాటికి అంతే దూరంలో కూర్చోవాలి. స్పీకర్ చెవి ఎత్తులో ఉండాలి. గోడ మూలకు నెడితే బాస్ ఊదరగొడుతుంది, గొంతు మరుగున పడుతుంది. కాస్త ముందుకు లాగండి. టేబుల్ అదురుతుంటే కింద రబ్బరు ముక్కలు పెట్టండి. బ్లూటూత్ శబ్దాన్ని మళ్లీ కుదించి పంపుతుంది కాబట్టి, వీలుంటే వైరే నయం.

8. పాత క్యాసెట్లు ఉంటే ఆలస్యం చేయొద్దు

ఈ సెట్టింగ్స్ అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. ఉత్తరాంధ్ర ఇళ్లలో తప్పెటగుళ్లు, జముకుల కథ, హరికథ, పెళ్లి పాటలు రికార్డు చేసిన క్యాసెట్లు ఉండే ఉంటాయి. సినిమా పాట పోతే ఇంకోచోట దొరుకుతుంది. ఇంట్లో తాత పాడిన పాటకు రెండో కాపీ ఉండదు. టేపుకు బూజు పట్టినా, తెగినా అంతే సంగతులు.

టేప్ రికార్డర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు కలపండి. డెస్క్‌టాప్‌లో అది సాధారణంగా నీలం రంగులో ఉంటుంది. గులాబీ రంగుది మైక్‌కు, అందులో పెడితే శబ్దం చిట్లిపోతుంది. ల్యాప్‌టాప్‌కు లైన్ ఇన్ లేకపోతే, ఆ సౌకర్యం ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తీసుకోవాలి.

ఆడాసిటీలో రికార్డు చేసేటప్పుడు ఎంత గట్టి శబ్దమైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. తప్పెట దెబ్బ ఒక్కసారిగా పైకి లేస్తుంది, మీటర్‌లో ఆ చోటే ముందు చూసుకోవాలి. సేవ్ చేసేటప్పుడు ఎంపీ3 వద్దు, వేవ్ లేదా ఫ్లాక్‌లో పెట్టండి. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. మొదటి కాపీయే ఎంపీ3 అయితే పోయింది పోయినట్టే. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఇంకోటి విడిగా హార్డ్ డిస్క్‌లో ఉంచండి. క్యాసెట్‌ను మాత్రం పారేయొద్దు.

9. చెవులు జాగ్రత్త

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. పగలంతా మోటార్లు, మిషన్ల మోతలో పనిచేసేవాళ్లు రాత్రి హెడ్‌ఫోన్‌లో సౌండ్ ఇంకా తగ్గించుకోవాలి. విన్నాక చెవుల్లో గీమంటుంటే అది ఎక్కువైందని అర్థం. తరచూ అలా అవుతుంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఏది ముందు, ఏది తర్వాత?

మంచి ఫైల్, ఎఫెక్ట్స్ ఆఫ్, సరైన ఫార్మాట్, స్పీకర్లు సరైన చోట. ఈ నాలుగూ అయ్యాక మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి వినండి. అప్పటికీ తృప్తిగా లేకపోతేనే కొత్త స్పీకర్లకో, హెడ్‌ఫోన్‌కో డబ్బు తీయండి.