ద్వారకా ఓడ నుంచి కార్గో పెట్టె దాకా: మన సైకిలు ప్రయాణం

పోయిన చలికాలంలో మా రూములో ఒక పంచాయితీ జరిగింది. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఇరవై ఎనిమిదేండ్లు కువైట్‌లో పని చేసి, అకామా క్యాన్సిల్ చేసుకొని ఇంటికి పోతున్నాడు. ఆయన్ను అందరం మామా అంటాం. సామాను సర్దుకుంటా "సైకిలు కూడా తీసుకపోతా" అన్నాడు. పడుకున్నోళ్లు లేచి కూర్చున్నారు. అది ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాల పాత నల్ల సైకిలు. హారిస్ పని చేసే రోజుల్లో జిలీబ్‌లో కొన్నాడు. ఆయన తెల్లవారుజామున కార్లు కడగడానికి పోయిందీ, బఖాలా నుంచి బియ్యం మూట తెచ్చిందీ దాని మీదనే.

"ఊర్లో కొత్తది కొనుక్కోరాదా మామా" అని మేమంతా అన్నాం. ఆయనది ఒకటే జవాబు. "మా మేనమామ బొంబాయి నుంచి ఓడలో సైకిలు తెచ్చినాడు. నేను విమానాల కాలంలో ఒకటి తీసుకపోలేనా?"

ఆ మాట నన్ను వదల్లేదు. దాని వెనక ఉన్న చరిత్ర కొంత చదివినా, కొంత పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నా.

కడప జిల్లా వాళ్లకు గల్ఫ్ దారి మొదట రైలుతోనే మొదలైంది. మద్రాసు నుంచి బొంబాయి పోయే లైను కోడూరు, రాజంపేట, కడప మీదుగానే పోతుంది. మద్రాసు వైపు పట్టాలు, బొంబాయి వైపు పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిసినాయి. రాయచోటికి మాత్రం రైలు లేదు. కాబట్టి సైకిలును బస్సు టాపు మీద కట్టుకొని కడపకు రావాల, అక్కడ లగేజీ ఆఫీసులో తూకం వేయించి, పేరు, స్టేషను రాసిన చీటీ కట్టి బ్రేకు వ్యానులో ఎక్కించాల. మన టికెట్టు చూపించి లగేజీ కింద బుక్ చేస్తే మన రైల్లోనే వస్తుంది. ఉత్త పార్సిలు కింద ఇస్తే జాగా దొరికినప్పుడు వస్తుంది. ఈ తేడా ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ చాలామందికి తెలీదు.

బొంబాయి నుంచి ఓడ. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అనే కంపెనీ 1862 నుంచి బొంబాయికీ గల్ఫ్ రేవులకూ మధ్య టపా ఓడలు నడిపింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ దారిలో తిరిగినవి నాలుగు: దుమ్రా, ద్వారకా, దారా, దరేసా. వీటిలో దారా 1961 ఏప్రిల్ 8న దుబాయ్ దగ్గర పేలుడు జరిగి కాలిపోయింది, రెండు వందల మందికి పైగా చనిపోయినారు. బతుకుదెరువుకు పోయేవాళ్లు ఎక్కువగా డెక్కు టికెట్టు మీద, అంటే పైన ఆరుబయట, పరుపు చుట్ట పరుచుకొని పోయేవాళ్లు. కరాచీ, మస్కట్, దుబాయ్, బహ్రెయిన్ రేవులు తాకుతా కువైట్ చేరేసరికి వారం దాటేది. కువైట్‌లో షువైఖ్ రేవు 1960లో వచ్చింది. అంతకు ముందు పెద్ద ఓడ సముద్రంలోనే నిలబడితే మనుషులను, సరుకును చిన్న పడవల్లో ఒడ్డుకు దించేవాళ్లు.

మామ చెప్పిన మేనమామ 1976లో ద్వారకాలో వచ్చినాడు. 1973లో చమురు ధర పెరిగినాక కువైట్ అంతా కట్టుబడి పనులు, మనుషులు కావాల. ఆయన తాపీ మేస్త్రీ. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, వాటి పక్కన హెర్క్యులెస్ సైకిలు. హ్యాండిలు తిప్పి, పెడళ్లు ఊడదీసి, గోనెసంచి చుట్టి రైలింగుకు కట్టేసినాడంట. ఓడలో జాగా ఉంటే చాలు, బరువు గురించి అడిగేవాడు లేడు. నాకు ఇక్కడ ఒక సంగతి తట్టింది. సైకిలు బరువైన వస్తువు కాదు, జాగా తినే వస్తువు. కాబట్టి దాన్ని చవగ్గా తీసుకపోవడం ఎప్పుడూ ఒకటే ప్రశ్న మీద ఉంటుంది: ఎదుటోడు దేన్ని కొలుస్తున్నాడు, జాగానా, బరువునా?

1982లో ద్వారకా ఆగిపోయింది. దాంతో డెక్కు ప్రయాణాలూ అయిపోయినాయి. అప్పటికే అందరూ విమానాల్లో వస్తున్నారు. ఇరవై, ముప్పై కిలోల లెక్కలో సైకిలుకు చోటెక్కడిది? ఇంటికి పోయేవాడు టేప్ రికార్డరు, దుప్పటి, సెంటు సీసాలు పెట్టుకొనేవాడు. అది తప్పనలేం. ఊర్లో మర్యాద వాటితోనే వచ్చేది.

మేనమామ సైకిలు పద్నాలుగేండ్లు కువైట్‌లోనే తిరిగింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. మనవాళ్లు బస్సుల్లో, లారీల్లో బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరినారు. అక్కడి నుంచి ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్షకు పైగా మందిని ఇంటికి చేర్చింది. ఆ బస్సులో ఒక సంచి పెట్టుకోవడానికే కొట్లాట. మేనమామ సైకిలును ఫర్వానియాలో మెట్ల కింద పెట్టి తాళం వేసి పోయినాడు. తాళంచెవి జేబులోనే ఊరికి పోయింది. 1991లో ఐక్యరాజ్యసమితి పరిహారం ఇచ్చే సంఘం పెట్టింది. కువైట్ విడిచి పోవాల్సి వచ్చిన ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, వేరే క్లెయిము పెట్టనని ఒప్పుకుంటే 4,000 డాలర్లు అని కట్టింది. పోయిన వస్తువుల లెక్క ఆ మొత్తంలో విడిగా ఉండదు. మేనమామ ఆ కాగితాలు పెట్టుకోనే లేదు. "ఆయన తాళంచెవి మా ఇంట్లో మేకుకు తగిలించి ఉండేది" అన్నాడు మామ. ఆ మాట విన్నాక రూములో కొత్త సైకిలు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంక మా పని మొదలైంది. టేపు తీసుకొని కొలిచినాం. ముందు చక్రం ఒక్కటే తీసి పెట్టెలో పెడితే 140 సెంటీమీటర్ల పొడవు, 22 మందం, 78 ఎత్తు. విమాన కార్గో వాళ్లు మూడు కొలతలు గుణించి 6,000తో భాగిస్తారు. వచ్చింది దగ్గర దగ్గర 40 కిలోలు. తూకం వేస్తే పెట్టెతో కలిపి 22 కిలోలే! అంటే పద్దెనిమిది కిలోల గాలికి డబ్బు కట్టాల. రెండు చక్రాలు, ఫోర్కు, మడ్‌గార్డులు, సీటు, పెడళ్లు అన్నీ ఊడదీసినాం. పెట్టె 108, 24, 73కు వచ్చింది, లెక్క 32 కిలోలకు దిగింది. అంతకంటే దిగదు. చక్రమే 71 సెంటీమీటర్లు, దాన్ని కోయలేం కదా. మన టికెట్టు మీద లగేజీగా వేద్దామంటే, చాలా విమానాలు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే పెద్ద సామాను అంటాయి. మాది 205. పిల్లల చిన్న సైకిలైతే ఊడదీసి ఆ కొలతలో సుమారుగా పట్టించొచ్చు. పిల్లలకు తీసుకపోయేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

చివరికి సముద్ర కార్గోకే తిరిగొచ్చినాం. నలుగురిని అడిగితే ఇద్దరు తూకానికి, ఇద్దరు కొలతకు ధర చెప్పినారు. మామకు ఎట్లాగూ రెండు పెద్ద దుప్పట్లు, బట్టలు పంపాల్సింది ఉంది. కొలతకు తీసుకునేవాడి దగ్గర 32 కిలోలకు కట్టక తప్పదు కాబట్టి, ఫ్రేము సందుల్లో ఆ దుప్పట్లే కుక్కినాం. సైకిలుకు గీత పడదు, దుప్పట్లకు వేరే కూలి లేదు. గొట్టాలకు సైటులో మిగిలిన ఏసీ పైపుల నల్ల స్పాంజి తొడిగినాం. నట్లు, కాటరు పిన్నులు ఒక డబ్బాలో వేసి ఫ్రేముకే కట్టినాం. కస్టమ్స్ ఖర్చు ధరలో ఉందా లేదా అని ముందే అడిగి రసీదు మీద రాయించినాం. అట్ల రాయించకుండా ఇంతకు ముందు నేనే ఒకసారి ఇంటి గడప దగ్గర మళ్లీ డబ్బు కట్టినా. కూలి మొత్తం చూస్తే ఊర్లో కొత్త సైకిలు ధరకు కొంచెం తక్కువ. లాభమని నేను చెప్పను.

నెలన్నరకు పెట్టె చేరింది. మామ ఫోను చేసి ముందు తిట్టినాడు. ఎడమ పెడలుకు మర ఉల్టా ఉంటుంది, ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. ఆ సంగతి చీటీ రాసి డబ్బాలో పెడదామనుకొని నేను మరచిపోయినా. అక్కడి పిల్లోడు బలవంతంగా కుడికి తిప్పి మర చెడగొట్టినాడు. ఇప్పుడు కువైట్ నుంచి వచ్చే వాళ్ల చేతికి ఒక ఎడమ క్రాంకు, పెడలు ఇచ్చి పంపమంటున్నాడు. జిలీబ్‌లో వెతుకుతున్నా.