ఏటి ఒడ్డు మా పొలిమేర

మా వీపనగండ్ల నుంచి దక్షిణంగా నడిస్తే ఎక్కడికక్కడ కృష్ణమ్మే అడ్డం వస్తుంది. ఈ ఒడ్డు పాలమూరు. తుంగభద్ర వచ్చి కలిశాక ఆ ఒడ్డంతా కర్నూలు సీమ.

1839లో కర్నూలు నవాబు పాలన ముగిసి ఆ గడ్డ కుంఫిణీ చేతికి పోయింది. వనపర్తి, కొల్లాపురం సంస్థానాల నడుమనున్న మా వైపు నైజాం రాజ్యంలోనే ఉంది. ఈ ఒడ్డున నైజాం హాలీ సిక్కా చెల్లితే, ఆ ఒడ్డున ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయి చెల్లేది. 1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి. 2014 జూన్ 2న మళ్లీ వేరుపడ్డాయి. హద్దు ఎన్నిసార్లు మారినా వియ్యాలు, తిరునాళ్లు ఏరు దాటుతూనే ఉన్నాయి.

మా బతుకును మార్చింది హద్దు కాదు, శ్రీశైలం ప్రాజెక్టు. ఏటి వెంట పల్లెలకు పల్లెలే మునిగాయి. ముంపుకు ముందు చిన్నమారూరు, పెద్దమారూరుల్లో పురావస్తు శాఖ తవ్వి చూస్తే వేల ఏళ్ల నాటి మనుషుల ఆనవాళ్లు బయటపడ్డాయి. జటప్రోలు గుళ్లను రాయి రాయి విప్పి మెట్టకు తెచ్చి మళ్లీ కట్టారు. ఇళ్లను అట్లా తేలేరు కదా! ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు చూడండి: ఒండ్రులో సగం కూరుకుపోయిన రోలు, వరసగా పునాది రాళ్లు, పూడిపోయిన బావి ఒర. ఒక పెద్దాయన చేతికర్రతో బురద గీరి, "మా గడప ఈడనే ఉండె" అంటుంటే పక్కనున్న మనవడు ఆ రాయి మీద కాలు పెట్టకుండా తప్పుకున్నాడు.

అదే కృష్ణ తర్వాత జూరాల ఎడమ కాల్వగా మా పొలాలకొచ్చింది. మా మండలంలోని గోపల్‌దిన్నె రిజర్వాయరు నిండితే, ఒకప్పుడు జొన్న, ఆముదం పండిన చేలల్లో ఇప్పుడు వరి ఊగుతుంది. ఆ పచ్చదనం చూసి సంతోషపడతాను. కానీ ఊళ్లు వదిలినవాళ్లకు ఇంటికొక ఉద్యోగమని 1986లో ఇచ్చిన 98 జీవో అమలు కోసం తిరిగి తిరిగి నెరిసిన తలలూ కళ్లముందు కనిపిస్తాయి.

2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా ఏర్పడింది. అప్పుడే ఏటి ఒడ్డు పల్లెలు చాలావరకు మా మండలం నుంచి విడిపోయి చిన్నంబావి మండలంలో చేరాయి. కాగితాల మీద వేరైనా మన చరిత్ర ఒక్కటే. రెండు మండల కేంద్రాల్లోనూ మునిగిన ఊళ్ల పేర్లు చెక్కిన ఒక్కొక్క రాయి నిలబెడదాం. ఆ గడపలు గుర్తుపట్టగల పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసుకుందాం, ఈ ఎండాకాలంలోనే.