పుట్టుకయే నేరమైనప్పుడు: ఎరుకలవారు, ప్రభుత్వము, మిషను

రాజ్యహింసకు గురైన అల్పసంఖ్యాకులను గూర్చి వ్రాయునప్పుడు మన సంఘములు తమ శ్రమలనే ముందుగా చెప్పుకొనుట సహజము. ఈ వ్యాసములో మేము మన పొరుగువారైన ఎరుకలవారి చరిత్రను తీసుకొనుచున్నాము. ఇందులో మిషను ప్రభుత్వము పక్షమున నిలిచినది.

చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే నేరస్థ జాతుల చట్టము మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించినది. 1871 నాటి తొలి చట్టము ఉత్తరాదిని ఉద్దేశించినది. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రభుత్వము ప్రకటించిన యెడల ఆ ప్రకటనను ఏ న్యాయస్థానములోను ప్రశ్నించుటకు వీలులేదు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటుటకు అనుమతి తప్పనిసరి. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేయు అధికారము కూడ ప్రభుత్వమునకు ఉండెను.

ఎరుకలవారు అంతకుముందు పశువులపై ఉప్పు, ధాన్యము మోసికొని కోస్తాకు, లోపలి సీమకు మధ్య వ్యాపారము చేసినవారు. ప్రభుత్వపు ఉప్పు విధానము, రైలు మార్గములు ఆ జీవనోపాధిని దెబ్బతీసినవి. బ్రతుకుదెరువు పోయినవారి సంచారమే అధికారులకు అనుమానాస్పదమైనది.

ఇక్కడ మిషను ప్రవేశించినది. 1913లో సాల్వేషన్ ఆర్మీ బాపట్ల సమీపమున స్టువార్టుపురము సెటిల్‌మెంటును స్థాపించినది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన శామ్యూల్ బాడెన్ దొరగారు అటువంటి దానినే నడిపించిరి. బడులు, పని కల్పించిన మాట నిజమే. దానిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. అయితే హాజరు తీసుకొన్నది కూడ మిషనే. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్-టక్కర్ నేరమును నయము చేయవలసిన వ్యాధిగా ఎంచి, ఆ చికిత్సకు 'క్రిమినోక్యూరాలజీ' అని పేరు పెట్టెను. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగిరి (యోహాను 9). ప్రభువు త్రోసిపుచ్చిన ఆ ఊహనే చట్టము ఒక జాతికంతటికి అంటగట్టగా, మిషను దానిని అంగీకరించినది. విచారణ లేకుండ తన్ను కొట్టించిన అధికారులను పౌలు ఫిలిప్పీలో నిలదీసెను. సెటిల్‌మెంటులోని వారికి ఆ అవకాశము లేకపోయెను. సంఘ చరిత్ర బోధించు మన తరగతులలో ఈ సంగతి ఎంతవరకు వినబడుచున్నది?

మద్రాసు ప్రభుత్వము 1947లో చట్టమును రద్దుచేసినది. 1949లో కేంద్రము నియమించిన విచారణ సంఘమునకు తిరుచానూరులో జన్మించిన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులు. ఆ సంఘము సిఫారసు మేరకు 1952 ఆగస్టు 31న దేశమంతట చట్టము రద్దాయెను. కాని అలవాటు నేరస్థుల చట్టము మద్రాసులో 1948లోనే వచ్చినది. విచారణ సంఘము కూడ అటువంటి చట్టమునే సూచించెను. జాతి పేరు తొలగినను అనుమానము తొలగలేదు. ఇట్టి చట్టములను రద్దుచేయుమని 2007లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ భారతదేశమును కోరినది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్లలో కులవివక్షను కొట్టివేయుచు, 'అలవాటు నేరస్థులు' అను మాట విముక్త జాతులపై ప్రయోగింపబడిన తీరును తప్పుపట్టినది.